ముందు ఎదుటోని మాట

ఎన్నికలొస్తే మా బిస్సీలో ఉల్లిగడ్డ ఎక్కువ ఖర్చవుతుంది. మాట మీద మాట పెరిగేకొద్దీ మనుషులు కంచం ముందు నుంచి లేవరు. లేవనివాళ్ళు ఊరికే కూర్చోలేరు కదా, ఇంకో ఉల్లిగడ్డ, ఇంకో మిరపకాయ అంటారు. అందుకే ఓటంటే నాకు గౌరవమే గానీ ఎన్నికలంటే ఒళ్ళుమంట. గెలిచినవాడెవడూ ఏనాడూ వచ్చి నా ఉల్లిగడ్డల సంగతి అడిగింది లేదు.

బిస్సీ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. భివండీలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కూలీల్లో చాలామంది పెళ్ళాంబిడ్డలను ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు. ఒక గదిలో పదిమంది పడుకుంటారు. ఆ గదిలో పొయ్యి ఉండదు. నెలకింతని కట్టి రెండు పూటలా వాళ్ళు తినే చోటు బిస్సీ. గైబీ నగర్‌లో మాది తెలుగువాళ్ళ బిస్సీ. మా అమ్మ పెంటవ్వ పెట్టింది. ఆమె మోకాళ్ళు మొరాయించాక గరిటె నా చేతికొచ్చింది. నా పేరు మాలతి. అమ్మ ఇప్పుడు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను తిడుతుంటుంది. ఆమె తిట్టకపోతే మావాళ్ళకు అన్నం అరగదు.

నేను చెప్పబోయేది అంకుశం మామ గురించి. ఆయన మాకు చుట్టమేమీ కాదు. సిరిసిల్ల అవతలి ఒక పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి, మొదటి ముద్ద మా అమ్మ చేతి మీదుగా తిని, ఆమెను అక్కా అన్నాడు. దాంతో నాకు మామ అయ్యాడు. ఊళ్ళో గుంట భూమి లేదు. భార్య లస్మవ్వ అక్కడే బీడీలు చుట్టుకుంటుంది. ఎండాకాలంలో చింతపండు మూటతో వచ్చి, నెల్లాళ్ళుండి, ఈ ఊరి నీళ్ళనూ దోమలనూ శపించి వెళ్ళిపోతుంది. మామకిప్పుడు అరవై దాటాయి. ఇంకా సాంచెలు నడుపుతూనే ఉన్నాడు. చెవులు మాత్రం దాదాపు పోయాయి. సాంచెల మీద బతికినవాడికి ముసలితనం ముందు చెవుల్లోకే వస్తుంది. ఎదుటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. ఆయన్ను తిట్టాలంటే వీపు తిప్పి తిట్టాలి, అప్పుడు తప్పించుకోవచ్చు.

ఆయన పెట్టిన రివాజు ఒకటుంది. అది ఎక్కడిదో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కార్ఖానాలో సాంచెలన్నీ ఒక్కసారి కొడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ ఒక అలవాటుంది. ఒకడు ఏదైనా చెబితే రెండోవాడు వెంటనే జవాబివ్వడు. తనకు అర్థమైనదాన్ని పెదాలతో, చేతులతో తిరిగి చెప్పి చూపిస్తాడు. మొదటివాడు తల ఊపాకే జవాబు. లేకపోతే ఒకడు పోగు తెగిందంటాడు, ఇంకొకడు సాంచె నడిపించమన్నాడనుకుంటాడు, మధ్యలో ఎవడిదో చెయ్యి పోతుంది. ఇది ఏ కార్ఖానాలోనైనా అందరూ చేసేదే. అంకుశం మామ చేసిందల్లా దాన్ని అన్నం దగ్గరికి తేవడం.

శుక్రవారం మా ఊళ్ళో సాంచెలకు సెలవు. ఆ మధ్యాహ్నం మా దగ్గర కోడికూర, పచ్చిపులుసు, వాటి మీద రాజకీయం. నా చిన్నప్పుడు రాజకీయం ముదిరితే కంచాలు ఎగిరేవి. ఒక శుక్రవారం ఎవడో చెంబు విసిరితే అది అమ్మ నుదుటికి తగిలి రక్తం కారింది. ఈ ఊరు ఆ రోజుల్లో మామూలుగా లేదు. మాట పెరిగితే ఎంతదాకా పోతుందో మతం అల్లర్లలో కళ్ళారా చూసిన ఊరు ఇది. అమ్మ కొంగుతో నుదురు అదుముకుని కూర్చుంటే మామ లేచి నిలబడ్డాడు.

"ఇగ నుంచి గీడ ఎవ్వడు మాట్లాడినా, ముందు ఎదుటోని మాట చెప్పాలె. వాడు 'ఔ, గదే నా మాట' అన్నంకనే నీ మాట. కార్ఖానల చెయ్యి పోతదని అంత భయపడ్తరు, గీడ మనిషి పోతడని భయం లేదార?"

ఆ రివాజు నిలబడింది. ఎలా నిలబడిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. కులం, మతం, తెలంగాణ, నోట్ల రద్దు, ఆడవాళ్ళ ఖాతాల్లో సర్కారు వేసే డబ్బు, అన్నీ దీని మీదే నలిగాయి. ఎదుటివాడి మాట వాడు ఒప్పుకునేలా చెప్పాలంటే కాసేపైనా వాడిలా ఆలోచించాలి. ఆలోచించాక వాడిని కొట్టబుద్ధి కాదు. సగం తగువులు అక్కడే చల్లారేవి. మిగతా సగం కూర అయిపోయాక చల్లారేవి. టీవీలో మెడనరాలు ఉబ్బేలా అరుచుకునే పెద్దమనుషులను ఒక్క శుక్రవారం నా పచ్చిపులుసు ముందు కూర్చోబెడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

రివాజు ఒంటబట్టనివాడు ఒక్కడే, నర్సింగ్. మామ పక్క సాంచెలు వాడివే, డ్యూటీ కూడా ఇద్దరికీ ఒకటే. నలభై ఏళ్ళుంటాయి. నోరు తెరిస్తే మంట. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. ఒకసారి డ్యూటీ దిగడానికి ఇంకో గంట ఉందనగా నిద్రకు తూలి బెల్టులో చెయ్యి పెట్టాడు. "నర్సింగూ, ముందు ఎదుటోని మాట" అని ఎవరైనా అంటే, "ఎదుటోడు నా మాట ఎప్పుడన్న చెప్పిండా?" అని కంచం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఆ గోడ మీద వాడి వీపు మరక ఉండాల్సింది, ముఖం మరక పడిందని అమ్మ ఎగతాళి చేసేది.

ఈసారి మహాపాలిక, అంటే నగరపాలక సంస్థ, ఎన్నికల ముందు పని గంటల మాట లేచింది. కార్ఖానాల్లో గంటలు పెంచుకోవచ్చని సర్కారు ఏదో అంటోందని పేపర్లో వచ్చింది. మావాళ్ళు చదివి నవ్వారు. ఇక్కడ ఎప్పటినుంచో పన్నెండు గంటలే, పగటి డ్యూటీ ఒకటి, రాత్రి డ్యూటీ ఒకటి. ఎనిమిది గంటలున్న చోట కదా పెంచడానికి! అయితే నవ్వి ఊరుకోలేదు. రెండు డ్యూటీలు కాదు, మూడు కావాలి, మనిషికి ఎనిమిదేసి గంటలు కావాలి అని కొందరు అడగడం మొదలుపెట్టారు. నర్సింగ్ అందులో ముందున్నాడు. ఓట్లడగడానికి వచ్చిన ప్రతివాడినీ నిలేసి "ముందు గీ మాట ఇయ్యి" అంటుంటే, ఇది ముదిరేలా ఉందని మా కులసంఘం పెద్దలు ఒక ఉపాయం ఆలోచించారు. సంఘం హాల్లో చర్చ పెడదాం, కార్ఖానాల సేట్ల తరఫున ఒకరు, కూలీల తరఫున ఒకరు మాట్లాడతారు, ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళంతా వచ్చి వింటారు అన్నారు.

సేట్ల తరఫున దత్తాత్రి అన్నారు. ఆయన కూడా ఒకప్పుడు మా బిస్సీలో తిన్నవాడే. కూలీగా వచ్చి, రెండు సాంచెలు కొనుక్కుని, పెంచుకుంటూ పోయి టెంఘర్‌లో సొంత కార్ఖానా పెట్టాడు. కూలీల తరఫున ఎవరన్నప్పుడు అంకుశం మామ పేరు చెప్పింది ఎవరో కాదు, నర్సింగే.

"నాకు మైకిస్తె నేను తిట్టుడే తిడ్త," అన్నాడు వాడు ఆ శుక్రవారం, గోడవైపు నుంచి ఇటు తిరిగి. "మామ అయితె చెప్తడు. మన మాట ఇన్నొద్దులు బిస్సీ దాటి పోలే. గీ ఒక్కసారన్న పోవాలె."

వాడు ఒకరిని పొగడటం నేను అంతకు ముందు చూడలేదు. మామ వాడి పెదాల వైపే చూస్తూ ఆ మాటను తిరిగి చెప్పి చూపించాడు. వాడు తల ఊపాడు.

చర్చకు ముందురోజు సాయంత్రం నేను వెల్లుల్లి ఒలుస్తుంటే మామ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "కోడలా, దత్తాత్రి ఏమంటడో చెప్త, తప్పుంటె చెప్పు," అన్నాడు. ఇక ఆ సాయంత్రమంతా సేటు మాటే. ఇలా చెప్పి చూశాడు, అలా చెప్పి చూశాడు. సేటుకు ఎక్కడ నొప్పి పుడుతుందో వెతికి మరీ చెప్పాడు. నాకు విసుగొచ్చింది.

"నీ మాట ఎప్పుడు చెప్పుకుంటవ్ మామా?"

"నా మాటకేంది, అది నోట్లనే ఉన్నది. ఎదుటోనిదే కష్టం."

గుమ్మం దగ్గర నుంచి అమ్మ అందుకుంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మైకుల జోలికి పోకురా అంకుశం. నీకు చెవులు గుడ లేవాయె."

ఆమె మొహం చూసి మాట పట్టుకుని మామ నవ్వాడు. "ఒక్కసారి అక్కా. గీసారి చెప్పకపోతె ఇగ ఎన్నడు చెప్త?"

హాలు నిండిపోయింది. ముందు కుర్చీల్లో సేట్లు, వెనక నిలబడి కూలీలు, ఒక మూలన మేము పదిమంది ఆడవాళ్ళం. కార్యక్రమం నడిపేది స్వప్నిల్, దత్తాత్రి మేనల్లుడు. ఫోన్లలో వచ్చే స్థానిక వార్తల ఛానల్ ఒకటి నడుపుతాడు. ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదివినవాడు. మా బిస్సీ మెట్టు ఏనాడూ ఎక్కినవాడు కాదు.

ముందు దత్తాత్రి మాట్లాడాడు. పాపం, కాగితం చూసి చదివాడు. మధ్యలో దగ్గు. నూలు ధర, కరెంటు ధర అని ఏవో చెప్పి, ఎక్కడాపాలో తెలియక ఆపేసి కూర్చున్నాడు. సేట్లే ఆవలించారు.

అప్పుడు మైకు మామ చేతికొచ్చింది. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. కూలీలు ఈలలు వేశారు. మామ దత్తాత్రి వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"దత్తాత్రి సేటు ఏమంటున్నడంటె, సాంచె ఆగినా కార్ఖాన కిరాయి ఆగది, బ్యాంకోడు ఆగడు. కూలోడు నేసిన మీటర్లను బట్టి పగారు తీస్కుంటడు. ఎనిమిది గంటలకే దిగితె మీటర్లు తగ్గుతయ్, ఇంటికి పంపేది తగ్గుతది, వాని బిడ్డ చదువు ఆగుతది. వాడు పసిపిల్లగాడు కాదు. వాని ఒళ్ళు వానిది, చెమట వానిది. పన్నెండు గంటలు చేస్తనని వాడంటె వద్దనెతందుకు సర్కారెవరు, సంఘమెవరు? పన్నెండు గంటలు చేసుడు కూలోని హక్కు. గా హక్కు గుంజుకునుడు న్యాయం కాదు."

ఆవలించిన సేట్లు ముందుకు వంగి విన్నారు. అంత బాగా చెప్పాడు. ముందురోజు వెల్లుల్లి దగ్గర చెప్పినదానికన్నా బాగా చెప్పాడు.

"గింతేనా దత్తాత్రీ? నీ మాట సక్కగ చెప్పిన్నా?"

దత్తాత్రి లేచి నిలబడ్డాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది! కళ్ళు తుడుచుకుని, "ఔ, గదే నా మాట," అన్నాడు.

అంతే, ముందు వరుసల్లో చప్పట్లు మోగాయి. కూలీల మనిషే తమ మాట అన్నాడు, అంతకన్నా వాళ్ళకేం కావాలి? సరిగ్గా అప్పుడే బయట డప్పులు, ఒక అభ్యర్థి దండలతో లోపలికొచ్చాడు. స్వప్నిల్ "ధన్యవాద్ తాతా!" అని మామ చేతిలోంచి మైకు తీసుకుని ఆ అభ్యర్థికందించాడు. మామ ఇంకా దత్తాత్రి పెదాల వైపే చూస్తున్నాడు. ఇటు తిరిగేసరికి చెయ్యి ఖాళీ. నోరు తెరిచాడు, ఏదో అన్నాడు కూడా. పెదాలు కదలడం ఆ మూల నుంచి నాకు కనబడింది. డప్పుల్లో మాట వినబడలేదు. వేదిక మీద ఆయన్ను పక్కకు జరిపి, అభ్యర్థి మెడలో ఇంకో దండ వేశారు.

రాత్రి అన్నాలకు ముందే అది ఫోన్లలోకి వచ్చింది. మామ ముఖం, కింద పెద్ద అక్షరాలు: పన్నెండు గంటలు మా హక్కు, భివండీ కూలీ మాట. మర్నాటికి సేట్ల మద్దతున్న అభ్యర్థి ఆటోలు మామ గొంతును గల్లీ గల్లీ తిప్పాయి. నేను పప్పు పోపు పెడుతుంటే కిటికీ బయట మామే మాట్లాడుతున్నాడు. నాకు ఆ ఆటో మీద మరిగే నూనె పొయ్యాలనిపించింది. మామకు మాత్రం ఏమీ వినబడలేదు. తన గొంతు ఊరంతా తిరుగుతోందని ఆయనకు అందరికన్నా చివర తెలిసింది.

నేను స్వప్నిల్‌కు ఫోన్ చేశాను. పాపం, వాడు నన్ను అత్తా అని మర్యాదగానే పిలిచాడు.

"అత్తా, నేనేం జూటా పెట్టలే. అందులో ఒక్క కట్ గుడ లేదు. తాత బోలింది అదే కదా, ఏక్‌దమ్ మస్త్ బోలిండు."

"దాని తర్వాత ఆయన సొంత మాట ఉంటదిరా. ముందు చెప్పింది మీ మామ దత్తాత్రి మాట."

"గట్ల ఎవరు మాట్లాడ్తరు అత్తా, ముందు సామ్నేవాలా మాట? సరే, ఫుల్ వీడియో పెడ్త. కానీ అందులో గుడ రెండో సగం లేదు కదా?"

నిజమే, లేదు. వాడి మీద ఎంత కోపమొచ్చినా వాడిని అబద్ధాలకోరు అనలేకపోయాను. నేను బిస్సీలో అందరికీ చెప్పి చూశాను. ఆయన రివాజు ప్రకారమే చెప్పాడు, మీకు తెలియనిదా అన్నాను. కొందరు తల ఊపి ఊరుకున్నారు. కొందరు వేరే బిస్సీకి మారారు. గల్లీలో ఆటో ఒకే మాటను రోజంతా చెబుతుంటే నా మాట ఎంతసేపు నిలుస్తుంది?

నర్సింగ్ తిట్టలేదు. వాడు తిట్టి ఉంటే నాకు భయం వేసేది కాదు. కార్ఖానాలో అడిగి దూరంగా వేరే సాంచెల మీదికి మారిపోయాడు. మిగతావాళ్ళు మామ ఏదైనా చెప్పబోతే మొహం తిప్పుకునేవాళ్ళు. చెవులున్నవాడిని వెలివేయాలంటే ఊరంతా కూడబలుక్కోవాలి. మామను వెలివేయడానికి మొహం తిప్పితే చాలు, ఆయనకు లోకం బందు. పోగు తెగిందని సైగ చేసేవాడు కూడా లేకుండా పన్నెండు గంటలు నిలబడి, అందరూ తిని వెళ్ళాక వచ్చి, ఓ మూలన నాలుగు ముద్దలు మింగి పోయేవాడు. కూర ఎలా ఉందని అడిగితే కూర ఉందా అన్నట్టు చూసేవాడు.

అమ్మకు ఇది పట్టలేదు. మోకాళ్ళ సంగతి మరిచి, సర్వపిండి డబ్బా చేత పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆటోలో టెంఘర్‌లోని దత్తాత్రి కార్ఖానాకు వెళ్ళింది. అక్కడ సగం సాంచెలు ఆగి ఉన్నాయి. కొన్నింటిని అప్పటికే భంగార్‌కు, అంటే పాత ఇనుము కింద, అమ్మేశాడట. సేటుగిరీ కూడా అంత సుఖంగా లేదని అక్కడి దుమ్ము చూస్తే తెలిసింది. దత్తాత్రి వచ్చి అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు.

"దత్తూ," అంది అమ్మ, "ఔ అన్నోనివి నువ్వు. దాని తర్వాత వాని వంతున్నదని నీకెరుకే. గా ఒక్క ముచ్చట నలుగుట్ల చెప్పు బిడ్డా. ఇంకేం వద్దు."

దత్తాత్రి ఆమెకు కుర్చీ జరిపాడు. "ఎరుకే అక్కా. నా మాట వాడు నాకన్న మంచిగ చెప్పిండు. నా బాధ గట్ల ఎవ్వరు చెప్పలే ఇప్పటిదాక."

"మరి చెప్పు."

"ఎలక్షన్ అయిపోనియ్యక్కా. ఇప్పుడు చెప్తె సేట్లందరు నన్ను ఎలేస్తరు. నూలు గుడ పుట్టది నాకు."

"ఎలక్షన్ అయినంక అది ఎవనిక్కావాలెరా?"

అమ్మ లేచింది. సర్వపిండి డబ్బా మూత కూడా తియ్యకుండా తిరిగి తెచ్చేసింది. ఆ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చింది అదొక్కటే.

ఎన్నికలయిపోయాయి. ఎవరో గెలిచారు. మా గల్లీలో పటాకులు కాల్చిన కాగితాలు రెండు రోజులు కాళ్ళకు తగిలాయి. పని గంటల మాట గెలిచినవాడూ ఎత్తలేదు, ఓడినవాడూ ఎత్తలేదు. దత్తాత్రి కూడా ఎత్తలేదు.

ఆ తర్వాతి శుక్రవారం మామ అందరూ తినే వేళకే వచ్చాడు. ఎవరూ జరగలేదు. ఆయనే వెళ్ళి, గోడవైపు తిరిగి తింటున్న నర్సింగ్ వెనక కంచం పెట్టుకుని కూర్చున్నాడు.

"నర్సింగూ, ఇటు తిరుగు. నీ మొఖం కనవడకపోతె నాకు వినవడది."

వాడు నోట్లో ముద్ద మింగి తిరిగాడు. "ఏం వింటవ్? ఎంతకు అమ్ముకున్నవో నువ్వే చెప్పు."

మామ, "ముందు నీ మాట చెప్త," అన్నాడు. ఎవరో నిట్టూర్చారు. ఇంకా అదేనా అని నాకూ అనిపించింది, దాచుకోవడం దేనికి?

"నర్సింగ్ ఏమంటున్నడంటె," అని మొదలుపెట్టాడు మామ, "సేటు మాట చెప్పెతందుకు సేటున్నడు. పేపరున్నది, టీవీ ఉన్నది, గల్లీల ఆటో ఉన్నది. మా మాట చెప్పెతందుకు ఒక్క ముసలోడు దొరికిండు, ఒక్కనాడు మైకు దొరికింది. గానాడు గుడ వాడు సేటు మాటనే ముందు వెట్టిండు. ఇద్దరికి రెండు వంతులుంటె ముందెవరిది, ఎనుక ఎవరిదని సూడచ్చు. మాకు రెండో వంతు రానే రాదు. గిన్ని ఏండ్లు మా నడుమ తిన్నోనికి గది ఎరుక లేదా? తెలిసి చేస్తె అమ్ముకున్నడు. తెల్వక చేస్తె, తెల్వనోన్ని పంపుడు నా తప్పు. వాని పేరు చెప్పింది నేనే." కాస్త ఆగి, "గింతేనా?" అన్నాడు.

అంత కోపంలోనూ నర్సింగ్ అనలేకపోయిన మాటను ముసలాయన వాడి నోట్లోంచి తీసి వాడి ముందే పెట్టాడు. "ఔ," అన్నాడు వాడు. కంచం పక్కకు జరిపి, "గదే నా మాట," అన్నాడు.

అందరూ మామ వైపు చూశారు. ఇప్పుడు ఆయన వంతు. అమ్మ కూడా కుర్చీ ఇటు జరుపుకుంది.

మామ కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. "నాది లేదు," అన్నాడు చివరికి. "నేను పైస ముట్టలే, అది నీకెరుకే. కని నువ్వన్నదానికి నా దగ్గర జవాబు లేదు. గీడ నడిచిన రివాజు ఆడ నడవది. అది నాకు ముందుగాల తెల్వాలె."

నాకు దుఃఖం వచ్చింది. జీవితమంతా అందరి మాటలూ చెప్పినవాడు తన వంతు వచ్చేసరికి లేదంటున్నాడు. మామ చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు. నర్సింగ్ మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"కూసో. గానాడు నీ రెండో సగం ఏందో నేను చెప్త. తప్పుంటె చెప్పు."

మామకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా జరిగి కూర్చున్నాడు. మొదటి మాట గొంతుతోనే అన్నాడు. రెండో మాటకు అలవాటుకొద్దీ గొంతు పోయి కార్ఖానా మాటలోకి దిగాడు, పెదాలు పెద్దగా తెరిచి, చేతులాడిస్తూ, చప్పుడు లేకుండా. మా దగ్గర తినేవాళ్ళకు అది చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు, నాకూ అంతే. చర్చ మొదలైతే చాలు వీడియో తీయడానికి ఫోన్ ఎత్తే ఇద్దరు ముగ్గురు ఆ రోజు ఎత్తలేదు. ఎత్తినా అందులో ఏమీ వినబడేది కాదు.

రెండు తొవ్వలుంటె మనిషి ఎంచుకున్నడంటరు, అన్నాయి నర్సింగ్ పెదాలు. ఒక్కటే తొవ్వుంటె నడిసిండంటరు. ఎనిమిది గంటలు చేసి కడుపు నిండే తొవ్వ ముందుగాల సూపెట్టు. అప్పుడు నేను పన్నెండు చేస్తనంటె అది నా హక్కు. అది లేనప్పుడు పన్నెండు చేసేది హక్కు కాదు, ఆకలి. ఆ తర్వాత వాడు ఎడమచెయ్యి పైకెత్తి, సగం వేలు మామ కళ్ళ ముందు పెట్టాడు. ఎనిమిది గంటలకే దిగిపోతె, అన్నాయి పెదాలు, గిది ఇంక ఉంటుండె.

వాడు ఎదుటివాడి మాట చెప్పడం అదే మొదటిసారి. అది తన మాటే కావడం వల్ల చెప్పగలిగాడేమో. అయినా చెప్పాడు.

మామ ఆ వేలు వైపు, పెదాల వైపు మార్చి మార్చి చూశాడు. కళ్ళలో నీళ్ళు నిండితే పెదాలు కనబడవు కదా, గబగబా తుడుచుకున్నాడు. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు.

"ఔ!" అని అరిచాడు, గల్లీలో పోయేవాళ్ళు ఆగి చూసేలా. "గదే నా మాట!"

అమ్మ ముక్కు చీదుకుని, అన్నం చల్లారుతోంది తినండ్రి అని అందరినీ తిట్టింది. నేను మామ కంచంలో కూర వేశాను. ఆ రోజు తిన్నాడు.

తెల్లవారి నర్సింగ్ మళ్ళీ తన పాత సాంచెల దగ్గరికే, మామ పక్కకే వెళ్ళాడని విన్నాను. ఇద్దరూ పొద్దున ఏడింటికి ఎక్కారు, రాత్రి ఏడింటికి దిగారు.